సభాపతి సంతకం
మౌల్వీ తమీజుద్దీన్ ఖాన్ జీవితం

శాసనసభ సమావేశాలు మొదలయ్యాయంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు టీవీ ముందు కూర్చుంటారు. ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరు వాకౌట్ చేశారు, సభాపతి ఎవరిని సస్పెండ్ చేశారు అన్నదే ఆ పూటకు చర్చ. ఆ సభ ఏ నియమాల మీద నడుస్తున్నదో, సభ్యుడికి ఏ హక్కు ఉందో, సభాపతి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆలోచించేవారు తక్కువ. నియమావళి పుస్తకం తిరగేస్తే నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, కోరం ఎంత, బిల్లు ప్రతి మీద ఎవరు సంతకం పెట్టాలి, గెజిట్‌లో ఎప్పుడు వేయాలి వంటి విషయాలే ఉంటాయి. నాలుగు పేజీలు చదివేసరికి ఎవరికైనా ఆవులింత వస్తుంది.

కాని అలాంటి పుస్తకంలోని ఒకే ఒక్క నియమం మీద ఒక దేశం తలరాత ఆధారపడిన రోజులు మన ఉపఖండంలోనే ఉన్నాయి. ఆ నియమం సంఖ్య 62. దాని కోసం కోర్టు మెట్లెక్కిన వృద్ధుడి పేరు మౌల్వీ తమీజుద్దీన్ ఖాన్. లా చదివే మన పిల్లలకు ఈ పేరు ఒక కేసు పేరుగా తెలుసు. ఆ కేసు వెనుక ఉన్న మనిషి ఎవరు, ఆయన ఏ పరిస్థితిలో ఆ పని చేశారు అన్నది తెలిసినవారు అరుదు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

పద్మా నది పక్క పల్లె నుంచి

తమీజుద్దీన్ ఖాన్ 1889లో తూర్పు బెంగాల్‌లోని ఫరీద్‌పూర్ జిల్లాలో, ఖాన్‌ఖానాపూర్ అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లోని రాజ్‌బారీ జిల్లాలో ఉంది. పద్మా నది ప్రవహించే ప్రాంతం అది. వరదలు, ఒండ్రు నేలలు, జనప పంట, జమీందారుల శిస్తు, వీటి మధ్య బతికే ముస్లిం రైతు కుటుంబాలు ఆ జిల్లా నిండా ఉండేవి. ఆ కాలంలో అక్కడి ముస్లిం పిల్లవాడు హైస్కూలు దాటి కాలేజీకి వెళ్లడమే పెద్ద విషయం. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ దాకా వెళ్లి ఇంగ్లీషులో ఎం.ఏ. చదివారు. తరువాత న్యాయశాస్త్రం పూర్తి చేసి ఫరీద్‌పూర్ తిరిగి వచ్చి వకీలుగా ప్రాక్టీసు పెట్టారు.

పేరు ముందు మౌల్వీ అని ఉండడం చూసి ఆయనను మదర్సా ఉస్తాద్ అనో, మసీదు ఇమామ్ అనో అనుకోకూడదు. అప్పటి బెంగాల్‌లో చదువుకున్న ముస్లిం పెద్దమనుషుల పేరు ముందు గౌరవంగా మౌల్వీ అని చేర్చేవారు. శాసనసభ రికార్డుల్లో సైతం అలాగే రాసేవారు. ఆ మాట ఆయన పేరులో భాగమై చివరిదాకా నిలిచిపోయింది.

ప్రాక్టీసు నిలదొక్కుకుంటున్న వేళ ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు వచ్చాయి. ప్రభుత్వ కోర్టులను వదిలిపెట్టమని వకీళ్లకు పిలుపు వచ్చింది. కుటుంబం ఉన్న వకీలుకు ఆ పిలుపు వినడం తేలిక కాదు. ఫీజు ఆగితే ఇంట్లో పొయ్యి మీద కుండ ఎలా ఎక్కాలో చూసుకోవాలి. ఎందరో పేరున్న వకీళ్లు మనసులో సానుభూతి పెట్టుకుని కోర్టుకు వెళుతూనే ఉన్నారు. తమీజుద్దీన్ మాత్రం ప్రాక్టీసు వదిలేశారు, జైలుకు వెళ్లారు.

ఉద్యమం చల్లారాక ఆయన రాజకీయం శాసనసభల వైపు మళ్లింది. 1926లో బెంగాల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. కాంగ్రెస్‌కు దూరమై, కాలక్రమంలో ముస్లిం లీగ్‌లో చేరారు. 1937 తరువాత బెంగాల్‌లో ఫజ్లుల్ హక్ మంత్రివర్గంలోనూ, 1943 నుంచి ఖ్వాజా నాజిముద్దీన్ మంత్రివర్గంలోనూ మంత్రిగా పనిచేశారు. విభజనకు ముందు ఢిల్లీలోని కేంద్ర శాసనసభలోనూ సభ్యుడయ్యారు. అంటే కొత్త దేశం ఏర్పడేనాటికి ఆయనకు ఇరవై ఏళ్ల సభానుభవం ఉంది. ప్రతిపక్షంలో కూర్చున్నారు, మంత్రుల బల్ల దగ్గరా కూర్చున్నారు. నియమావళి ఎవరిని ఎప్పుడు కాపాడుతుందో రెండు వైపుల నుంచీ చూసిన మనిషి.

రెండు టోపీల సభ

పాకిస్తాన్ రాజ్యాంగ పరిషత్తు మొదటిసారి 1947 ఆగస్టు 10న కరాచీలో కూర్చుంది. మరునాడు మహమ్మద్ అలీ జిన్నాను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. కొద్ది రోజులకే ఆయన గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. తమీజుద్దీన్ ఖాన్ పరిషత్తుకు డిప్యూటీ ప్రెసిడెంట్ అయ్యారు. 1948 సెప్టెంబరు 11న జిన్నా చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరులో పరిషత్తు తమీజుద్దీన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది.

ఈ సభ ఒక విచిత్రమైన సభ. దానికి రెండు టోపీలు. ఒకటి, దేశానికి రాజ్యాంగం రాయడం. రెండవది, రాజ్యాంగం వచ్చేదాకా మామూలు పార్లమెంటులాగా బడ్జెట్టు, చట్టాలు చేయడం. మామూలు చట్టం చేసినప్పుడు బిల్లు గవర్నర్ జనరల్ దగ్గరకు వెళ్లేది. ఆయన ఆమోద ముద్ర వేశాకే చట్టమయ్యేది. రాజ్యాంగానికి సంబంధించిన చట్టం చేసినప్పుడు ఏం చేయాలి? అప్పటికి దేశం నడుస్తున్నది బ్రిటిష్ వారు చేసిన 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టం మీద, 1947 ఇండియన్ ఇండిపెండెన్స్ చట్టం మీద. వాటిని సవరించడం రాజ్యాంగం మీద చేసే పనే. దానికి కూడా గవర్నర్ జనరల్ ఆమోదం కావాలా?

అక్కరలేదని పరిషత్తు అనుకుంది. 1948లో చేసుకున్న తన నియమావళిలో 62వ నియమంగా ఆ మాట రాసుకుంది. రాజ్యాంగ సంబంధమైన బిల్లును సభ ఆమోదించాక సభాధ్యక్షుడు దాని ప్రతి మీద సంతకం పెడతాడు. ఆయన అధికారంతో అది గెజిట్‌లో అచ్చవుతుంది. అంతటితో అది చట్టం. మధ్యలో మరెవరి సంతకమూ లేదు.

ఈ నియమం చేసిన రోజున సభాధ్యక్షుడూ, గవర్నర్ జనరలూ ఒక్కరే, జిన్నాయే. కనుక తేడా ఎవరికీ పట్టలేదు. ఆయన పోయాక ఆ రెండు కుర్చీలు వేర్వేరు మనుషుల చేతికి వచ్చాయి. అయినా ఏళ్ల తరబడి అదే పద్ధతి నడిచింది. సభ బిల్లు ఆమోదించడం, తమీజుద్దీన్ సంతకం పెట్టడం, గెజిట్‌లో రావడం. గవర్నర్ జనరల్ అడ్డు చెప్పలేదు, మంత్రులు అడ్డు చెప్పలేదు. ఆ చట్టాల కింద ప్రభుత్వం నడిచింది, కోర్టులు తీర్పులు ఇచ్చాయి.

కుర్చీల మధ్య కొట్లాట

1951 అక్టోబరు 16న రావల్పిండిలో ప్రధాని లియాకత్ అలీ ఖాన్ హత్యకు గురయ్యారు. నాజిముద్దీన్ ప్రధాని అయ్యారు. ఆర్థిక మంత్రిగా ఉన్న గులాం మహమ్మద్ గవర్నర్ జనరల్ అయ్యారు. గులాం మహమ్మద్ ఉద్యోగస్వామ్యంలో పెరిగిన మనిషి. ఎన్నికలతో, సభలతో పెద్దగా పరిచయం లేనివారు. 1953 ఏప్రిల్ 17న నాజిముద్దీన్ మంత్రివర్గాన్ని ఆయన బర్తరఫ్ చేశారు. అంతకు కొద్ది రోజుల ముందే సభ ఆ మంత్రివర్గం బడ్జెట్టును ఆమోదించింది. సభ విశ్వాసం ఉన్న ప్రధానిని సభతో మాట చెప్పకుండా తీసేశారు. అమెరికాలో రాయబారిగా ఉన్న మహమ్మద్ అలీ బోగ్రాను పిలిపించి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇక్కడ పరిషత్తు తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. తమ ప్రధానిని తీసేస్తే ఆ సభ్యులు నోరు మెదపలేదు. కొత్త ప్రధాని వెనుక బుద్ధిగా కూర్చున్నారు. అసలు పని రాజ్యాంగం రాయడం. ఏడేళ్లు గడిచినా అది పూర్తి కాలేదు. 1954 మార్చిలో తూర్పు బెంగాల్ ఎన్నికల్లో ముస్లిం లీగ్ ఘోరంగా ఓడిపోయింది. పరిషత్తులో ఆ ప్రాంతం నుంచి కూర్చున్న లీగ్ సభ్యులకు ఇక ప్రజల బలం లేదని తేలిపోయింది. కొత్త ఎన్నికలు పెట్టి, కొత్తవారికి చోటివ్వాలన్న మాటను వారు చెవిన పెట్టలేదు.

చివరికి వారు మేలుకున్నారు, ఆలస్యంగా, హడావుడిగా. 1954 సెప్టెంబరు 21న గవర్నర్ జనరల్ అధికారాలను కత్తిరిస్తూ ఒక సవరణ చేశారు. మంత్రులు పరిషత్తు సభ్యులై ఉండాలి. వారు సభకు జవాబుదారీగా ఉండాలి. గవర్నర్ జనరల్ వారి సలహా ప్రకారం నడుచుకోవాలి. తన ఇష్టానికి మంత్రివర్గాన్ని తీసేయకూడదు. సారాంశంగా చూస్తే ఇందులో అన్యాయం ఏమీ లేదు. మన దేశంలోనూ, బ్రిటన్‌లోనూ ఉన్న పద్ధతే. కాని చేసిన తీరు వేరు. ఒక్క రోజులో చేశారు, గవర్నర్ జనరల్ రాజధానిలో లేని సమయం చూసి చేశారు, అదే రోజు గెజిట్‌లో వేశారు. బిల్లు మీద ఉన్న సంతకం తమీజుద్దీన్‌దే.

అదే నెలలో రాజ్యాంగ మూలసూత్రాల నివేదికను సభ ఆమోదించింది. ముసాయిదా దాదాపు సిద్ధమైంది. డిసెంబరు 25 నాటికి రాజ్యాంగం వస్తుందని ప్రధాని చెప్పి ఉన్నారు.

అక్టోబరు 24

ఆ డిసెంబరు రాలేదు. 1954 అక్టోబరు 24న గవర్నర్ జనరల్ ఒక ప్రకటన చేశారు. రాజ్యాంగ యంత్రాంగం కుప్పకూలిందని, పరిషత్తు ప్రజల విశ్వాసం కోల్పోయిందని, అది ఇక పనిచేయలేదని అందులో ఉంది. దేశంలో అత్యవసర పరిస్థితి అన్నారు. కొత్త మంత్రివర్గం వచ్చింది. బోగ్రాయే మళ్లీ ప్రధాని. సైన్యాధిపతి జనరల్ అయూబ్ ఖాన్ రక్షణ మంత్రి. ఇస్కందర్ మీర్జా హోం మంత్రి. సభలో సభ్యులు కాని వారికి మంత్రి పదవులు దక్కాయి. సుమారు నెల రోజుల క్రితం చేసిన సవరణ కూడదన్నది దీన్నే.

పరిషత్తు సమావేశానికి వచ్చిన సభ్యులను పోలీసులు లోపలికి పోనివ్వలేదు. కొందరు మౌనంగా ఇళ్లకు వెళ్లిపోయారు. కొందరు కొత్త ప్రభుత్వంతో సర్దుకున్నారు. వీధుల్లో పెద్ద గొడవలు జరగలేదు. జనానికి ఆ సభ మీద ప్రేమ మిగలలేదన్నది నిజం.

మరి తమీజుద్దీన్ ఎందుకు ఊరుకోలేదు? అప్పటికి ఆయన వయసు అరవై అయిదు. సర్దుకుపోతే ఏదో ఒక పదవి దొరికేది. ఊరికి వెళ్లిపోతే ప్రశాంతంగా ఉండేది. మాకు తోచిన కారణం ఒకటే. సభ ఆయన చేతికి ఇచ్చినది ఒక అమానతు. ఆ కుర్చీని ఎన్నుకున్న సభ్యులు వెనక్కు తీసుకోవచ్చు. కొత్త ఎన్నికల తరువాత వచ్చిన సభ తీసుకోవచ్చు. మధ్యలో మరొకరు వచ్చి లాక్కుంటే, ఇచ్చేయడానికి అది ఆయన సొంత సొమ్ము కాదు.

నవంబరు మొదటి పక్షంలో ఆయన కరాచీలోని సింధ్ చీఫ్ కోర్టులో రిట్ దరఖాస్తు వేశారు. పోలీసుల నిఘా ఎంత గట్టిగా ఉందంటే, ఆయన బురఖా కప్పుకుని ఆటోరిక్షాలో కోర్టుకు చేరారని నేటికీ చెప్పుకుంటారు. ఈ కథ కేసుతో పాటే ప్రచారంలో ఉంది. దేశ రాజ్యాంగ సభ అధ్యక్షుడి పరిస్థితి ఆ స్థాయికి చేరిందని జనం నమ్మారన్నది మాత్రం ఆ కథే చెబుతుంది.

రెండు కోర్టులు, రెండు తీర్పులు

ఆయన అడిగినవి రెండు. తన పదవీ విధులకు ఎవరూ అడ్డు రాకుండా ఆదేశించాలి, దీన్ని మాండమస్ అంటారు. సభ్యులు కాని వారు ఏ అధికారంతో మంత్రులుగా కూర్చున్నారో నిలదీయాలి, దీన్ని కో వారంటో అంటారు. ఆయన పక్షాన ఐ.ఐ. చుంద్రిగర్ నిలబడ్డారు. లండన్ నుంచి ప్రసిద్ధ బారిస్టరు డి.ఎన్. ప్రిట్ కూడా వచ్చారు.

1955 ఫిబ్రవరిలో సింధ్ చీఫ్ కోర్టు పూర్తి ధర్మాసనం, ప్రధాన న్యాయమూర్తి కాన్‌స్టంటైన్ ఆధ్వర్యంలో, ఏకగ్రీవంగా తమీజుద్దీన్ వైపు తీర్పు చెప్పింది. పరిషత్తును రద్దు చేసే అధికారం గవర్నర్ జనరల్‌కు లేదన్నది. ప్రభుత్వం వెంటనే ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. తన తరఫున వాదించడానికి లండన్ నుంచి కెన్నెత్ డిప్లాక్‌ను పిలిపించుకుంది.

ఇప్పుడు పాఠకులు కాస్త జాగ్రత్తగా గమనించాలి. కేసు మలుపు ఇక్కడే ఉంది. ప్రభుత్వం రద్దు న్యాయమా అన్యాయమా అన్న ప్రశ్న కన్నా ముందు మరో ప్రశ్న వేసింది. అసలు చీఫ్ కోర్టుకు ఇలాంటి రిట్లు ఇచ్చే అధికారం ఎక్కడిది? ఆ అధికారం 1935 చట్టంలో కొత్తగా చేర్చిన 223-ఏ సెక్షన్ నుంచి వచ్చింది. ఆ సెక్షన్‌ను పరిషత్తు 1954 జూలైలో చేర్చింది. దాని మీద ఎవరి సంతకం ఉంది? 62వ నియమం ప్రకారం తమీజుద్దీన్ సంతకం. గవర్నర్ జనరల్ ఆమోదం ఉందా? లేదు. ఆమోదం లేనప్పుడు అది చట్టం కాదు. చట్టం కానప్పుడు కోర్టుకు రిట్ అధికారం లేదు. అధికారం లేని కోర్టు ఇచ్చిన తీర్పు చెల్లదు. తమీజుద్దీన్ ఏ తలుపు తట్టారో, ఆ తలుపుకు మేకులు కొట్టింది ఆయన సంతకంతోనే, కనుక ఆ తలుపు లేనట్టే అన్నది వాదన.

1955 మార్చి 21న ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ మునీర్, మరి ముగ్గురు న్యాయమూర్తులు ప్రభుత్వ వాదనను అంగీకరించారు. దేశం ఇంకా డొమినియన్‌గానే ఉందని, 1947 చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ఏ శాసనానికైనా గవర్నర్ జనరల్ ఆమోదం తప్పదని వారి అభిప్రాయం. సభ తన ఇంటి పనుల కోసం చేసుకున్న నియమం తల్లి చట్టాన్ని దాటి పోలేదన్నారు. ఒక పొరపాటు ఏడేళ్లు నడిచినంత మాత్రాన చట్టం కాదన్నారు. రద్దు న్యాయమా కాదా అన్న అసలు ప్రశ్నకు ఆ రోజు జవాబే చెప్పలేదు.

అయిదుగురిలో ఒక్కరు మాత్రం వేరుగా నిలబడ్డారు. ఆగ్రాలో పుట్టిన క్రైస్తవుడు, జస్టిస్ ఎ.ఆర్. కార్నీలియస్. రాజ్యాంగం రాయడానికి వచ్చిన సభ మామూలు శాసనసభ కన్నా పై స్థాయిలో ఉంటుందని ఆయన అన్నారు. 6వ సెక్షన్‌లోని ఆమోదం మామూలు చట్టాలకే గాని రాజ్యాంగ చట్టాలకు వర్తించదని ఆయన అర్థం. ఏళ్ల తరబడి గవర్నర్ జనరళ్లు, ప్రభుత్వం, కోర్టులు అందరూ ఆ పద్ధతినే సరైనదిగా పాటించారన్నది కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నారు. ఆయన వైపు మరో ఓటు రాలేదు.

గెలిచినవాడి చిక్కు

తమీజుద్దీన్ ఓడిపోయారు. కాని గెలిచిన గవర్నర్ జనరల్‌కు నిద్ర పట్టలేదు. 223-ఏ సెక్షన్ ఒక్కటే అలా చేసినది కాదు కదా! ఏళ్లుగా అదే నియమం కింద చేసిన రాజ్యాంగ చట్టాలన్నీ ఒకే దెబ్బకు కూలిపోయాయి. ఏ చట్టం కింద ఎవరిని నియమించారో, ఏ చట్టం కింద ఏ ఉత్తర్వు వెళ్లిందో, అన్నీ గాలిలో వేలాడాయి.

ఆయన ఒక ఆర్డినెన్సుతో ఆ పాత చట్టాలకు తనే ఆమోదం ఇచ్చేసుకోబోయారు. ఏప్రిల్‌లో యూసుఫ్ పటేల్ కేసులో అదే ఫెడరల్ కోర్టు, అది శాసనసభ చేయాల్సిన పని, మీ వల్ల కాదని తోసిపుచ్చింది. అప్పుడు గవర్నర్ జనరల్ కోర్టునే సలహా అడిగారు. మే నెలలో కోర్టు అగత్య సిద్ధాంతాన్ని బయటకు తీసింది. మామూలుగా చెల్లని పని కూడా దేశాన్ని కాపాడే అగత్యం వస్తే కొంతకాలం చెల్లుతుందన్నది దాని సారాంశం. దాంతో పాత చట్టాలకు తాత్కాలికంగా ఊపిరి పోసింది. పరిషత్తు రద్దు సరైనదేనని కూడా అప్పుడే చెప్పింది. అయితే కొత్త పరిషత్తును ఎన్నికతోనే ఏర్పాటు చేయాలని షరతు పెట్టింది.

కొత్త పరిషత్తు 1955 జూలైలో మర్రీలో కూర్చుంది. మొత్తం 80 మంది. తూర్పు నుంచి 40, పడమర నుంచి 40. రాజ్యాంగం 1956 మార్చి 23న అమలులోకి వచ్చింది. రెండున్నరేళ్లకే, 1958 అక్టోబరు 7న, ఇస్కందర్ మీర్జా దాన్ని రద్దు చేసి సైనిక పాలన పెట్టారు. నెల తిరగకముందే మీర్జాను కూడా పంపించి అయూబ్ ఖాన్ గద్దెనెక్కారు. 1954 అక్టోబరులో హోం, రక్షణ మంత్రులుగా కూర్చున్న ఆ ఇద్దరే. ఒకసారి అగత్యం పేరుతో తెరిచిన తలుపు మళ్లీ మూయడం ఎంత కష్టమో ఆ దేశ చరిత్ర చదివిన వారందరికీ తెలుసు.

మళ్లీ ఆ కుర్చీ

1962లో అయూబ్ ఖాన్ తన రాజ్యాంగం ఇచ్చారు. దాని కింద జాతీయ అసెంబ్లీ ఏర్పడింది. ఆ ఏడాది జూన్‌లో సభ తన స్పీకరుగా ఎన్నుకున్నది ఎవరినో కాదు, తమీజుద్దీన్ ఖాన్‌నే.

ఇది చదివి కొందరు పాఠకులు ముఖం చిట్లించవచ్చు. 1954లో ఏ మంత్రివర్గం చెల్లదని కోర్టుకెక్కారో, ఆ మంత్రివర్గంలోని మనిషి ఇచ్చిన రాజ్యాంగం కింద ఆయన పదవి తీసుకోవడం ఏమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. మేము దాన్ని కప్పిపుచ్చము. జవాబు కూడా ఆయన జీవితంలోనే వెతకాలి. సభ ఎంత బలహీనమైనదైనా, సభ అంటూ లేకపోవడం కన్నా ఉండడం మేలని నమ్మిన తరం ఆయనది. బ్రిటిష్ కాలంలో అరకొర అధికారాలున్న కౌన్సిల్‌లో కూర్చుని పని నేర్చుకున్న మనిషి, అయూబ్ కాలపు అరకొర సభలోనూ కూర్చున్నారు. అది సరైన లెక్కా కాదా అన్నది పాఠకులే తేల్చుకోవాలి.

1963 ఆగస్టు 19న, స్పీకరు పదవిలో ఉండగానే ఆయన కన్నుమూశారు. ఆయన రాసుకున్న ఆత్మకథ చాలా ఏళ్ల తరువాత అచ్చయింది. ఆయన పుట్టిన ఊరు 1971లో మరో దేశంలోకి వెళ్లింది. ఆయన సభాపతిగా కూర్చున్న దేశం, ఆయన పుట్టిన నేల వేరువేరయ్యాయి. ఇవాళ ఆ రెండు దేశాల్లోనూ న్యాయ విద్యార్థులు ఆయన పేరుతో ఉన్న కేసు చదువుతున్నారు.

మనం నేర్చుకోవలసినది

విభజన తరువాత ఒకే చట్టం కింద రెండు రాజ్యాంగ పరిషత్తులు పనిచేశాయి. మన దేశపు పరిషత్తు 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. దాని మీద పరిషత్తు అధ్యక్షుడిగా డాక్టర్ రాజేంద్రప్రసాద్ సంతకం పెట్టారు. గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ఆమోదం కోసం దాన్ని పంపలేదు. ఇక్కడా అంతిమ సంతకం సభాపతిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ పని మూడేళ్ల లోపే ముగిసింది. సభకూ, రాజ్యాధిపతికీ మధ్య ఆ సంతకం మీద కొట్లాట వచ్చే సమయమే రాలేదు. అక్కడ ఏడేళ్లు సాగదీసేసరికి, చిన్న నియమంలో ఉన్న సందిగ్ధం పెద్ద గొయ్యి అయింది.

మన రాజ్యాంగం ఈ విషయాలను స్పష్టంగా రాసి పెట్టింది. పార్లమెంటు తన నియమాలు తానే చేసుకోవచ్చని 118వ అధికరణం, రాష్ట్ర శాసనసభలు చేసుకోవచ్చని 208వ అధికరణం చెబుతాయి. కాని అవి రాజ్యాంగానికి లోబడే ఉండాలి. రాష్ట్రపతి, గవర్నర్ల ఆమోదం గురించి 111, 200 అధికరణాలు ఉన్నాయి. రాజ్యాంగ సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం ఇచ్చి తీరాలని 1971లో 24వ సవరణతో చేర్చారు. రాసి ఉన్న చోట కూడా తగవులు వస్తూనే ఉంటాయి. రాయని చోట ఏమవుతుందో తమీజుద్దీన్ కేసు చూపింది.

రెండవ పాఠం సభ్యులకు. తమ ప్రధానిని 1953లో తీసేసినప్పుడు ఆ సభ నిలబడి ఉంటే, 1954లో తమ తలుపు దగ్గర పోలీసులు నిలబడేవారు కాదేమో. నియమం బలం దాన్ని రాసిన కాగితంలో ఉండదు. దాన్ని పాటించేవారిలో, దాని కోసం నిలబడేవారిలో ఉంటుంది. కష్టం వచ్చిన రోజున మాత్రమే నియమావళి పుస్తకం వెతుక్కునే సభను ఏ కోర్టూ ఎక్కువ కాలం కాపాడలేదు.

మూడవ పాఠం మనందరిది. మన చేతుల్లో శాసనసభలు లేకపోవచ్చు. మసీదు కమిటీలు, మదర్సా కమిటీలు, అంజుమన్‌లు, విద్యా సంఘాలు ఉన్నాయి. వాటికీ నియమావళి ఉంటుంది, రిజిస్ట్రారు ఆఫీసులో ఒక ప్రతి ఉంటుంది. సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరపాలి, లెక్కలు ఎవరు చూపాలి, తీర్మానం మీద ఎవరు సంతకం పెట్టాలి అని అందులో రాసి ఉంటుంది. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్లు ఎవరూ దాన్ని తీసి చూడరు. తగవు వచ్చాక కోర్టులో మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఆ తీర్మానం నియమం ప్రకారం జరిగిందా? సంతకం పెట్టినవారికి ఆ అధికారం ఉందా? న్యాయం మన వైపు ఉన్నా, కాగితం మన వైపు లేక ఓడిపోయిన కమిటీలు ఎన్నో ఉంటాయి.

తమీజుద్దీన్ ఖాన్ ఓడిపోయిన మనిషి. అయినా ఆ రోజు కరాచీలో అందరూ ఇళ్లకు వెళ్లిపోతే, ఒక్కరు కోర్టుకు వెళ్లారు కనుకనే అక్టోబరు 24న జరిగినది తీర్పులకెక్కింది. ఆయన వెళ్లకపోతే కార్నీలియస్ అభిప్రాయం ఉండేది కాదు. దాన్ని చదివి తరువాతి తరాలు చర్చించుకునేవి కావు. తన చేతికి వచ్చిన అమానతును ఆయన మౌనంగా వదిలిపెట్టలేదు. మన ఇంట్లో లా చదువుతున్న అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈ వారం వారి చేత ఆ కేసు కథ చెప్పించుకుని వినండి. మన అంజుమన్ నియమావళి ప్రతి ఎక్కడుందో కూడా ఒకసారి వెతికి చూడండి.